అరుంధతి కనిపించే ఊరు

ముప్ఫై ఏళ్లుగా పెళ్లిళ్లకు వెలుతురు పట్టిన మనిషికి చీకటిని ఫొటో తీయాలనిపిస్తే? అందుకూ ఓ బడి ఉంది. లద్దాఖ్‌లోని శీతల ఎడారిలో, సముద్రమట్టానికి 4,300 మీటర్ల ఎత్తున... పేరు హన్లే!

"అదిగో... ఆ ఏడు చుక్కల్లో తోక చివర్నుంచి రెండోది వశిష్ఠుడు. పక్కనే చిన్నగా మినుకుమంటోందే, ఆవిడే అరుంధతి. కనపడిందా అమ్మా?"

పురోహితుడు అడుగుతాడు. పెళ్లికూతురు తలూపుతుంది. పెళ్లికొడుకు చూపుడువేలు ఫంక్షన్ హాలు సన్‌షేడ్ వైపు ఉంటుంది. చుట్టూ ఫోకస్ లైట్లు. పైన సీరియల్ సెట్లు. ఇంకాస్త పైన వీధిలైటు. "చెయ్యి దించొద్దు బాబూ, ఒక్క నిమిషం" అంటాడు ఫొటోగ్రాఫర్. ఫ్లాష్ మెరుస్తుంది. ఆల్బమ్‌లో ఓ పేజీ నిండుతుంది.

నెల్లూరు జిల్లాలో ఓ చిన్న పట్నం. బస్టాండుకి ఎదురుగా మేడ మీద స్టూడియో. దాని యజమాని ముప్ఫై ఏళ్లలో ఇలాంటి ఫొటోలు వెయ్యికి పైగా తీశారు. ఒక్కదాంట్లోనూ అరుంధతి పడలేదు. పడదని ఆయనకు తెలుసు. పెళ్లికూతురికీ తెలుసు. పురోహితుడికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే!

ఆయన పెళ్లిలోనూ అదే కథ. "చూశాననే చెప్పా. అంత పెద్దాయన అడుగుతుంటే లేదంటామా?" అని ఇప్పటికీ నవ్వుతారు ఆయన భార్య. అందుకే, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు ఫోన్ చేసి "నాన్నా, నక్షత్రాల ఫొటోలు తీయడం నేర్చుకుందామా?" అన్నప్పుడు ఇంట్లో ముందు ఒప్పుకొన్నది ఆవిడే. ఆయాసం వల్ల తను అంత ఎత్తుకి రాలేరు. "మీరు వెళ్లండి. ఆవిడ నిజంగా ఉందో లేదో చూసి రండి" అని పంపించారు.

ఎప్పుడు వెళ్లాలన్నది పెద్ద చర్చేమీ కాలేదు. నక్షత్రాల ఫొటోకి చంద్రుడు ఉండకూడదు. అమావాస్య కావాలి. అమావాస్యకి ముహూర్తాలుండవు. పైగా ఆషాఢం... పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి నెలంతా సెలవే! ఆషాఢ మాసం చివర వచ్చే అమావాస్యకి మన పెద్దలు పెట్టిన పేరు కూడా 'చుక్కల అమావాస్య'. ఆ మర్నాటి నుంచి శ్రావణం. అంటే మళ్లీ పెళ్లిళ్లు. ఈలోపు నేర్చుకుని రావాలి.

సింధు నది వెంట...

లేహ్ నుంచి హన్లే సుమారు 250 కిలోమీటర్లు. ఉప్షి దాటాక దారి సింధు నదిని పట్టుకుంటుంది. చుమాథాంగ్‌లో నది ఒడ్డునే వేడినీటి ఊటలు పొగలు కక్కుతుంటాయి. మాహే, న్యోమా దాటి లోమా దగ్గర వంతెన ఎక్కితే ఇక హన్లే లోయే. రోజంతా ప్రయాణం. కానీ ఆ రోజు కంటే ముందు లేహ్‌లో కనీసం రెండు రోజులు ఊరికే కూర్చోవాలి. సముద్రమట్టం నుంచి విమానంలో ఒక్కసారిగా 3,500 మీటర్ల ఎత్తుకు వచ్చిపడిన ఒంటికి ఆ గాలి అలవాటు కావాలి కదా! హన్లే ఇంకా ఎత్తు. అక్కడ మన ఊళ్లో దొరికే ప్రాణవాయువులో అరవై శాతమే దొరుకుతుంది. ట్రైపాడ్ భుజాన వేసుకుని నాలుగడుగులు వేస్తే చాలు, నాలుగు అంతస్తులు ఎక్కినట్టు ఉంటుంది.

ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలూ ఒంటెలూ గుర్తొస్తాయి. ఇది వేరే ఎడారి. కనుచూపు మేరా బూడిదరంగు, ఇటుకరంగు కొండలు. వాటి మధ్య పల్చగా గడ్డి మొలిచిన మైదానం. అక్కడక్కడా కియాంగ్ అనే అడవి గాడిదలు. చాంగ్‌పా సంచార జాతివాళ్ల గొర్రెలూ, పశ్మీనా మేకలూ. హిమాలయాలు అడ్డుగోడలా నిలబడటంతో నైరుతి మేఘాలు ఇక్కడికి వచ్చేసరికి చాలావరకూ ఖాళీ అయిపోతాయి. గాలిలో తేమ ఉండదు. దుమ్మూ, పొగా తక్కువ. పట్నాల వెలుగు కొండల అవతలే ఆగిపోతుంది. నక్షత్రాలు చూడాలనుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

అందుకే భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు ఏరికోరి ఇక్కడికి వచ్చారు. ఊరి పక్కన 4,500 మీటర్ల ఎత్తున్న కొండ మీద రెండు మీటర్ల 'హిమాలయన్ చంద్ర టెలిస్కోప్' 2000 సెప్టెంబరులో తొలిసారి కన్ను తెరిచింది. దాన్ని నడిపేది మాత్రం ఇక్కడ కాదు... బెంగళూరు దగ్గర హోస్కోటేలో కూర్చుని, ఉపగ్రహం ద్వారా! దానికి తోడు 2024 అక్టోబరులో మరో పెద్దన్న వచ్చాడు. పేరు 'మేస్'. 21 మీటర్ల అద్దాల పళ్లెంతో గామా కిరణాల జాడ పట్టే ఈ టెలిస్కోపుని భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఆ సంగతి డ్రైవర్ చెప్పగానే స్టూడియో యజమాని కారు ఆపించి మరీ ఓ ఫొటో తీసుకున్నారు.

మొదటి పాఠం: కళ్లు ఆర్పుకోవడం

తండ్రీకూతుళ్లు దిగింది ఓ హోమ్‌స్టేలో. ఇంటావిడకి ముప్ఫై ఏళ్లుంటాయి. పొద్దున్నే మేకలు, మధ్యాహ్నం వంట, సాయంత్రమైతే వాకిట్లో టెలిస్కోప్! ఖగోళ భౌతిక సంస్థ ఈ లోయలోని ఊళ్ల నుంచి సుమారు రెండు డజన్ల మందిని ఎంచుకుని, ఆకాశాన్ని చూపించడంలో శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చింది. 'ఆస్ట్రానమీ అంబాసిడర్లు' అంటారు వాళ్లని. వాళ్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఈవిడ వాళ్లలో ఒకరు. "జూలే" అని పలకరించి, ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ చేతికిచ్చి, హిందీలో అసలు సంగతి చెప్పారు.

"అంకుల్ జీ, ఈ రాత్రి మబ్బు. ఫొటో రాదు. కానీ పాఠం ఉంది."

రాత్రి తొమ్మిదిన్నరకి వాకిట్లోకి తీసుకెళ్లి ఊరికే నిలబెట్టారు. చిమ్మచీకటి. పక్కనున్న కూతురు కనపడదు. ఐదు నిమిషాలు... పది... పావుగంటకి గోడ అంచు తెలిసింది. ఇరవై నిమిషాలకి కొండ గీత కనిపించింది. ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఇంతలో చేతిలోంచి లెన్స్ మూత జారి కిందపడింది. వెతకడానికి ఫోన్ లైటు వేశారు.

"అయ్యో అంకుల్ జీ! మళ్లీ ఇరవై నిమిషాలు" అన్నారావిడ, నవ్వుతూ.

కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. తెల్లటి వెలుగు ఒక్క క్షణం పడినా ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. రాత్రి చూపుకి పనికొచ్చే కణాలు ఎర్రటి వెలుగుని పెద్దగా పట్టించుకోవు. అందుకే ఇక్కడ అందరి చేతుల్లోనూ ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైట్లే ఉంటాయి. కెమెరా వెనక తెర వెలుగు కూడా తగ్గించేయాలి. ఎక్కువ వెలుగుతో చూస్తే ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందనిపిస్తుంది. పొద్దున చూస్తే నల్లగా ఉంటుంది.

"ముప్ఫై ఏళ్లు జనం మొహాన లైట్లు కొట్టినవాణ్ని. లైటు వేయొద్దని నాకు చెప్పినవాళ్లు ఇన్నాళ్లకు దొరికారు" అన్నారాయన కూతురితో.

జీలకర్ర గింజలు

రెండో రాత్రి మబ్బు విడిపోయింది. బయటికి రాగానే ఆయన ఉసూరుమన్నారు. "మళ్లీ మబ్బు పట్టిందే తల్లీ! అదిగో దక్షిణాన తెల్లగా..."

"నాన్నా, అది మబ్బు కాదు. పాలపుంత."

కొండ మీంచి లేచిన పొగలా, నడినెత్తి మీదుగా అవతలి కొండ దాకా... ఆయన చాలాసేపు మాట్లాడలేదు. విచిత్రం ఏంటంటే, పాలపుంత నడిబొడ్డు హన్లేలో కంటే నెల్లూరులోనే ఎత్తుగా ఉంటుంది. దక్షిణాదిలో ఉన్నాం కాబట్టి హన్లేలో దిగంతానికి 28 డిగ్రీల ఎత్తున కనిపించేది, మనకు 46 డిగ్రీల దాకా లేస్తుంది. అంటే అది ఇన్నేళ్లూ స్టూడియో డాబా మీదుగానే వెళుతోంది. బస్టాండు లైట్ల వెనక!

ఇక పని మొదలైంది. పెళ్లిలో ఆయన షట్టర్ వేగం సెకనులో నూటపాతికో వంతు. ఇక్కడ ఇరవై సెకన్లు. అంటే రెండున్నర వేల రెట్లు ఎక్కువసేపు కెమెరా కన్ను తెరిచే ఉండాలి. ట్రైపాడ్ లేకపోతే కుదరదు. వేలితో నొక్కితే కెమెరా కదులుతుంది కాబట్టి రిమోటో, రెండు సెకన్ల టైమరో వాడాలి. లెన్స్ ద్వారం పూర్తిగా తెరవాలి. ఐఎస్‌వో 3200 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి.

ముందు ఫోకస్ దగ్గరే దెబ్బతిన్నారు. ఆటో ఫోకస్ పెడితే లెన్సు గిర్రుమని ముందుకీ వెనక్కీ తిరిగి ఆగిపోయింది. పట్టుకోవడానికి దానికేం కనపడదు మరి! లెన్సు మీద 'అనంతం' గుర్తు ఉంటుంది కదా అని అక్కడ పెడితే చుక్కలు బూందీల్లా వచ్చాయి. కెమెరా తెర మీద ఓ మంచి ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా చేత్తో తిప్పాలి. అక్కడ టేపు అంటించేయాలి. చలి పెరిగితే అదీ కాస్త జరుగుతుంది. గంటకోసారి మళ్లీ చూసుకోవాలి.

తర్వాత 50 ఎంఎం లెన్సు పెట్టి ముప్ఫై సెకన్లు తీశారు. పెద్దది చేసి చూస్తే చుక్కల బదులు సన్నగా, పొడుగ్గా... "ఇదేంటి, జీలకర్ర గింజల్లా ఉన్నాయి?" అన్నారు.

కారణం మన కాళ్ల కిందే ఉంది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతోంది. కెమెరా కూడా భూమితోపాటు తిరుగుతుంది కాబట్టి నక్షత్రం గీతలా సాగుతుంది. దీనికో బండగుర్తు ఉంది. 500ని లెన్సు నిడివితో భాగించాలి. వచ్చిన సంఖ్య అన్ని సెకన్లకు మించి కెమెరా తెరిచి ఉంచకూడదు. 50 ఎంఎంకి పది సెకన్లు. 20 ఎంఎంకి పాతిక. చిన్న సెన్సర్ కెమెరా అయితే అందులోనూ మూడోవంతు తగ్గించాలి. పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టే టైముని సెకన్లతో సహా పట్టుకునే మనిషికి ఈ లెక్క ఒంటబట్టడానికి ఎంతసేపు!

ఊరు పట్టిన చీకటి

అర్ధరాత్రి దాటాక ధ్రువ నక్షత్రం చుట్టూ చుక్కలు గీసే వలయాలు తీద్దామనుకున్నారు. ధ్రువుడు ఎంత ఎత్తున కనిపిస్తే మనం భూమధ్యరేఖకు అన్ని డిగ్రీల ఉత్తరాన ఉన్నట్టు. నెల్లూరులో 14 డిగ్రీలే కాబట్టి ఇళ్ల కప్పుల వెనకే ఉండిపోతాడు. హన్లేలో 33 డిగ్రీలు. గొంపా మీద దీపంలా నిలబడతాడు. 17వ శతాబ్దం నాటి ఆ బౌద్ధారామం ముందు ట్రైపాడ్ పెట్టి ముప్ఫై సెకన్లకో ఫొటో చొప్పున గంటలో 120 తీయాలి. వాటిని కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చాలి. బ్యాటరీలు చలికి తొందరగా నీరసపడతాయి. అందుకే అదనపువి స్వెటర్ లోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నారు.

ఎనభయ్యో ఫొటోనో ఏమో పడుతుండగా మలుపులోంచి ఓ జీపు వచ్చింది. హెడ్‌లైట్లు పూర్తిగా వేసుకుని! గొంపా, కొండ, ఆకాశం ఒక్కసారిగా తెల్లబోయాయి. ఎర్ర టార్చి ఊపుకుంటూ ఇంటావిడ ఎదురు పరిగెత్తారు. ఆ ఎత్తులో పరుగంటే మాటలు కాదు. జీపులో వచ్చినవాళ్లూ పాపం చుక్కలు చూడ్డానికే వచ్చారు. క్షమించమని లైట్లు తగ్గించుకుని వెళ్లారు. గంట కష్టం గంగపాలు.

ఈ ఊరికి కరెంటు లేకపోవడం వల్ల చీకటి అనుకుంటారు చాలామంది. కరెంటు ఉంది. ఉండీ ఆర్పుకుంటారు! 2022 డిసెంబరులో లద్దాఖ్ పాలనా యంత్రాంగం టెలిస్కోప్ చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 'హన్లే డార్క్ స్కై రిజర్వ్'గా ప్రకటించింది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. పులుల్ని కాపాడటానికి అభయారణ్యం ఉన్నట్టు, ఇది చీకటికి అభయారణ్యం. అడవి చుట్టూ కంచె వేయొచ్చు. చీకటికి కంచె ఎలా వేస్తారు? ఇళ్లవాళ్లే వేయాలి. కిటికీలకు మందపాటి తెరలు. బయటి దీపాలకు వెలుగు పైకి పోకుండా టోపీలు. తెల్లటి బల్బుల బదులు పసుపువి. రాత్రిపూట వాహనాలకు లో బీమ్.

"మొదట్లో మా అత్తయ్య ఒప్పుకోలేదు. ఎన్నాళ్లకో దీపం వచ్చింది, దాన్నెందుకు దాచాలి అనేది" అని చెప్పారు ఇంటావిడ. ఇప్పుడు రాత్రి చూడ్డానికి వచ్చేవాళ్లే ఆ ఇంటికి అదనపు రాబడి. చీకటి ఉంటేనే అతిథి. అతిథి పెరిగితే చీకటికే ముప్పు. జీపులు పెరిగాయంటే హెడ్‌లైట్లూ పెరిగినట్టే. ఆవిడ ఎర్ర టార్చి పట్టుకుని పరిగెత్తేది ఆ రెంటి మధ్యే.

ఆ రాత్రి బుఖారీ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ ఆయన అన్నమాట: "ఆ జీపువాణ్ని తిట్టుకున్నా తల్లీ. తర్వాత అనిపించింది... నేనూ ముప్ఫై ఏళ్లుగా ఆ జీపులాంటి వాణ్నే కదా!"

బేగంపేట మీది చుక్కలు

నక్షత్రాల ఫొటోలకి మన దగ్గర పాత చుట్టరికమే ఉంది. 1901లో హైదరాబాద్‌లో ఓ నవాబు సొంత ఆసక్తితో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకి మారింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి పటం గీద్దామని ప్రపంచ దేశాల అబ్జర్వేటరీలు పంచుకున్న మహా ప్రయత్నంలో ఆకాశంలోని ఓ పట్టీ హైదరాబాద్ వంతుకి వచ్చింది. గాజు పలకల మీద ఫొటోలు తీసి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి, సంపుటాలుగా అచ్చువేశారు. అవును, బేగంపేటలోనే! అక్కడ పనిచేసిన ఓ ఉద్యోగి కొడుకు నిజాం కాలేజీలో చదువుకుని, 1949లో హార్వర్డ్‌లో ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వేణు బప్పు. ఈనాడు హన్లే టెలిస్కోప్‌ను నడుపుతున్న సంస్థకి ఆద్యుడు.

నగరం పెరిగింది. బేగంపేట ఆకాశం మసకేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు 1960లలో నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టుకున్నారు. వెలుగు అక్కడికీ వెంటాడింది. ఇది మన ఒక్కళ్ల కథ కాదు. 2011 నుంచి 2022 వరకూ ప్రపంచవ్యాప్తంగా సామాన్యులు లెక్కించి పంపిన చుక్కల వివరాలను శాస్త్రవేత్తలు కూడి చూస్తే, రాత్రి ఆకాశం ఏటా దాదాపు పది శాతం చొప్పున తెల్లబడుతోందని తేలింది. అదే వేగం సాగితే 250 చుక్కలు కనిపించే చోట పుట్టిన బిడ్డకి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వందే మిగులుతాయి.

ఆవిడ ఉంది!

మూడో రాత్రి చుక్కల అమావాస్య. మబ్బు తునక లేదు. తొమ్మిదిన్నరకి వాయవ్యాన, కొండ మీద సగం ఎత్తులో సప్తర్షి మండలం గరిటెలా వేలాడుతోంది. తోక చివర్నుంచి రెండోది... ఆయన ఊపిరి బిగబట్టి చూశారు. టెలిస్కోప్ లేదు. కళ్లజోడు మాత్రమే. ఒక చుక్క. దాన్ని ఒరుసుకుని సన్నగా మరో చుక్క.

"ఉంది" అన్నారు. అంతే అన్నారు.

ఇంటావిడ టెలిస్కోప్ అటు తిప్పారు. ఇంకో వింత... దాంట్లోంచి చూస్తే వశిష్ఠుడే రెండు చుక్కలు! భూమికి 80 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న ఈ కుటుంబానికి ఫొటోల చరిత్రలోనూ పెద్దపీటే. 1857లో హార్వర్డ్ అబ్జర్వేటరీ వాళ్లు తొలిసారిగా ఓ జంట నక్షత్రాన్ని ఫొటో తీశారు. ఆ జంట వశిష్ఠుడే! ప్రపంచంలో ఇన్ని జంటలుండగా కెమెరా ముందుకి మొదట వచ్చింది, మన పెళ్లిళ్లలో వేలెత్తి చూపించే ఈ చుక్కేనన్నమాట.

ఆయనకి ఓ ఆలోచన వచ్చింది. ఇంటావిడ అత్తమామల్ని కాస్త వాకిట్లోకి రమ్మన్నారు. డెబ్భై దాటిన జంట. మందపాటి ఉన్ని గోంచాల్లో బయటికొచ్చారు. పెద్దాయన చెయ్యెత్తి ఆ చుక్కను చూపించాలి. పెద్దావిడ అటు చూడాలి. పదిహేను సెకన్లు కదలకూడదు. లెన్సు 24 ఎంఎం. కెమెరా నేలకి దగ్గరగా, నిలువుగా.

మొదటిసారి పెద్దావిడకి నవ్వాగలేదు. మొహం చెదిరిపోయింది. రెండోసారి పెద్దాయన చెయ్యి నాలుగు చేతులైంది. మూడోసారి కోడలు వెనకనుంచి లద్దాఖీలో అంకెలు లెక్కపెడుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. టప్‌మని షట్టర్ మూసుకుంది. తెర మీద నల్లటి నీడల్లా రెండు ఆకారాలు, ఎత్తిన చెయ్యి, ఆ వేలి కొసన ఏడు చుక్కలు. పెద్దది చేశారు. ఇంకా పెద్దది. వశిష్ఠుడి పక్కన అరుంధతి.

"తీస్తే తీసింది ఇదీ... మొదటి పెళ్లి ఫొటో" అన్నారాయన. కూతురు ఏమీ అనలేదు. చీకట్లో తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడింది.

శ్రావణంలో...

ఆ ఫొటో ఇప్పుడు స్టూడియోలో కౌంటర్ వెనక ఉంది. వచ్చినవాళ్లంతా అడిగేది ఒక్కటే: "ఏ గ్రాఫిక్సండీ ఇది?" గ్రాఫిక్స్ కాదంటే నమ్మరు. నమ్మింది ఒక్కరే. ఆయన భార్య. చాలాసేపు చూసి, "అయితే ఉందన్నమాట. ఇన్నాళ్లకి నా అబద్ధం నిజమైంది" అన్నారావిడ.

శ్రావణంలో తొలి ముహూర్తం రాత్రిపూట. అరుంధతిని చూపించే వేళకి ఆయన లైట్ల కుర్రాణ్ని పిలిచి, "రెండు నిమిషాలు అన్నీ ఆర్పేయ్‌రా" అన్నారు. "ఎందుకన్నా, కరెంటు పోయిందనుకుంటారు!" అన్నాడు వాడు. పురోహితుడు మాత్రం సంతోషించాడు. ఆర్పేశారు. చుట్టాలు గోలచేశారు. కాసేపటికి సద్దుమణిగారు. మబ్బుల సందున వాయవ్యాన ఓ చుక్క కనిపించింది. వశిష్ఠుడు. పక్కన మసక.

"కనపడిందా అమ్మా?" అడిగాడు పురోహితుడు.

ఆ అమ్మాయి కళ్లు చికిలించి మళ్లీ చూసింది. "ఒక్కటే కనపడుతోందండీ. రెండోది కనపళ్లేదు" అంది.

ముప్ఫై ఏళ్లలో ఆ నిజం చెప్పిన మొదటి పెళ్లికూతురు! ఆయన ఆ ఫొటోని ఫ్లాష్ లేకుండానే తీశారు. ఆ ఆల్బమ్ చివరి పేజీలో హన్లే ముసలి జంట ఫొటో కూడా ఊరికే అంటించి ఇచ్చారు. ఆవిడ ఎక్కడికీ పోలేదని ఆ పిల్లకి తెలియాలిగా!

మీరూ వెళ్లాలంటే...

* మే నుంచి అక్టోబరు మొదటివారం దాకా మంచికాలం. అమావాస్యకి అటూఇటూ మూడేసి రోజులు చూసుకోండి. జులై, ఆగస్టుల్లో ఒక్కోసారి మబ్బులు ఇక్కడికీ వస్తాయి కాబట్టి కనీసం మూడు రాత్రులు ఉండేలా ప్రణాళిక వేసుకోవాలి.

* లేహ్‌లో రెండు రోజులకు తక్కువ కాకుండా విశ్రాంతి తీసుకోవాలి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా బయల్దేరొద్దు. తలనొప్పి, వాంతులు పెరుగుతుంటే ఫొటో సంగతి పక్కనపెట్టి కిందికి దిగిపోవాలి.

* సరిహద్దు ప్రాంతం. గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి. అనుమతులు, రుసుముల నిబంధనలు బయల్దేరేముందు లేహ్‌లో కనుక్కోవాలి.

* ట్రైపాడ్, వెడల్పాటి లెన్సు, అదనపు బ్యాటరీలు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి, టేపు ముక్క. ఇవి చాలు. ఫొటోలు 'రా' ఫార్మాట్‌లో తీయండి. వేసవిలోనూ రాత్రిళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది.

* చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చేముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూయాలి. లేకపోతే లెన్సు మీద తేమ పడుతుంది.

* ముఖ్యంగా... చీకటి పడ్డాక వాహనంలో వెళ్లాల్సి వస్తే లో బీమ్ వేయమని డ్రైవర్‌కి చెప్పండి. దారిలో ఎవరో ఎనభయ్యో ఫొటో తీస్తూ ఉండొచ్చు!